పరుగెత్తమంటారు, ప్రశ్నించవద్దంటారు

గడ్చిరోలిలో యుద్ధం ముగిసిందంటున్నారు. 2025 అక్టోబర్ 15న పెద్దపల్లి బిడ్డ మల్లోజుల వేణుగోపాలరావు మరో 60 మందితో కలిసి ముఖ్యమంత్రి ఫడ్నవీస్ ఎదుట లొంగిపోయాడు. పెద్ది శంకర్ 1980లో ప్రాణహిత దాటి సిరొంచ వైపు వచ్చి పోలీసు కాల్పుల్లో చనిపోయిన నాటి నుంచి 45 ఏళ్ళు. తుపాకులు మూగబోతే మాకు సంతోషమే. ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి పేద ఆదివాసీని చంపడాన్నీ, విచారణ లేకుండా కాల్చేయడాన్నీ మేము ఏనాడూ సమర్థించలేదు.

అయితే ఇప్పుడు ప్రగతి అని చూపిస్తున్నదేమిటి?

ఆష్టి కూడలిలో కాసేపు నిలబడితే చాలు. సూర్జాగఢ్ కొండను తవ్విన ఇనుప ఖనిజం లారీలు ఈ దారినే పోతుంటాయి. దగ్గర్లోనే కోన్సరి ఉక్కు కర్మాగారం. అదే దారి పక్కన చదువుకునే పిల్లలు బస్సు కోసం ఎదురుచూస్తుంటారు. కొండ కదిలినంత వేగంగా వాళ్ళ బతుకు కదిలిందా?

ఆటలు వచ్చాయి, నిజమే. బిర్సా ముండా పేరుతో కబడ్డీ, బాబూరావు షెడ్మాకే పేరుతో వాలీబాల్ పోటీలు పోలీసులే జరుపుతున్నారు. మారథాన్‌లూ పెడుతున్నారు. పిల్లలు ఆడితే ఎవరికి అభ్యంతరం? కానీ షెడ్మాకే ఎవరు? తన నేల కోసం తిరగబడి 1858లో చాందాలో ఉరికంబమెక్కిన గోండు వీరుడు. ఆయన పేరు మీద బహుమతి తీసుకోవచ్చట, ఆయనలా ప్రశ్న మాత్రం వేయకూడదట! గనులు వద్దని 2023లో తోడ్‌గట్ట దగ్గర నెలల తరబడి కూర్చున్న ఆదివాసీలను ఆ నవంబరులో పోలీసులు లేవగొట్టారు. ఆ మైదానం వేరు, ఈ మైదానం వేరా?

చదువు సంగతి చూద్దాం. 2011లో గోండ్వానా విశ్వవిద్యాలయం వచ్చింది. మంచిదే. కానీ మహారాష్ట్ర కాలేజీల్లో 1990ల నుంచి ప్రత్యక్ష విద్యార్థి ఎన్నికలు లేవు. 2016 చట్టం వాటిని తిరిగి పెట్టమంది. 2019లో జరుపుతామని చెప్పి వాయిదా వేశారు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఎం.ఎల్.ఏ.ని ఎన్నుకోవచ్చు, తన కాలేజీ ప్రతినిధిని మాత్రం ఎన్నుకోకూడదు! ఈ యుద్ధం ఎక్కడ మొదలైందో గుర్తుందా? 1978లో 'గ్రామాలకు తరలండి' అంటూ బయలుదేరింది ఆంధ్రప్రదేశ్ కాలేజీ కుర్రాళ్ళే. అంతకు ముందే ఎమర్జెన్సీ వాళ్ళ నోళ్ళు నొక్కింది. మాటకు చోటు లేకపోతే కోపం ఎటు పోతుందో మనకు తెలియనిదా?

రాజకీయాలూ అంతే. జిల్లా పరిషత్తుకు 2017లో ఎన్నికలు జరిగాయి. గడువు 2022లో తీరింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అధికారుల పాలనే. ఎన్నికలను బహిష్కరించమన్నందుకు మావోయిస్టులను తప్పుపట్టాం, మరి ఎన్నికలే పెట్టనివాళ్ళను ఏమనాలి? 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు గొంతునిచ్చాయి. 2025 జూలైలో శాసనసభ ఆమోదించిన ప్రత్యేక ప్రజా భద్రతా బిల్లేమో సంఘాలను నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. ఒక చేత్తో తుపాకీ దింపమంటూ ఇంకో చేత్తో నోరు మూయడం సమాధానం అనిపించుకోదు.

నాబోతు సంగతి మన సంఘాలకు కొత్త కాదు. యెజెబెలు మాట విని ఊరి పెద్దలు ఉపవాసం చాటించి, అతణ్ణి జనం ఎదుట పైస్థానంలో కూర్చోబెట్టారు. గౌరవించడానికి కాదు, ద్రాక్షతోట లాక్కోవడానికి. వేదికనెక్కించి మెడల్ వేసే ప్రతి చేతినీ అనుమానించమని మేము అనడం లేదు. ఆ చెయ్యి తోట మీద కూడా ఉందేమో చూడమంటున్నాం.

అందుకే మేము అడుగుతున్నాం. కాలేజీల్లో విద్యార్థి ఎన్నికలు జరపండి. ఆట మైదానాలను పోలీసుల చేతి నుంచి బడికీ గ్రామసభకూ అప్పగించండి. గ్రామసభ ఒప్పుకోనిదే కొండను ముట్టకండి. శాంతియుతంగా కూర్చున్నవాళ్ళ మీద భద్రతా చట్టం ప్రయోగించకండి. సిరొంచ తెలుగు బిడ్డ అయినా, ఏటాపల్లి మాడియా బిడ్డ అయినా పరుగు పందెంలో గెలిచి, అదే రోజు కలెక్టరును నిలదీసి, రాత్రికి భయం లేకుండా ఇంట్లో నిద్రపోగలిగితే, అప్పుడు యుద్ధం ముగిసిందని మేమూ ఒప్పుకుంటాం.