నిమ్మాకు మీద పాముపొడ

మాధవరంలో నాలుగడుగుల పెరడు వున్న మనవాళ్ళ యింట కరివేపాకు తరువాత కనబడేది నిమ్మచెట్టే. వానలు పడి అది చిగురు వేసిందో లేదో, లేత ఆకులమీద వెండిరంగు గీతలు వంకరటింకరగా బయలుదేరుతవి. ఆకు ముడుచుకొని దొన్నె అవుతుంది. పొరుగింటి పిన్నిగారు దిష్టి అంటారు. ఎదురింటాయన మందు కొట్టమంటారు. ఆ మందు మాట విన్న తరువాతనే యీ నెల యీ సంగతి వ్రాయదలచినాము. ఆ చెట్టు క్రిందనే కదా మన పిల్లలు ఆడుకునేది. ఆ ప్రక్క కరివేపాకే కదా సాయంత్రం చారులో పడేది!

రైతులు దీనిని పాముపొడ అంటారు. గీత గీసేది ఒక బుల్లి రెక్కలపురుగు పిల్ల. తల్లి రెక్కలు విప్పినా అయిదు మిల్లీమీటర్లు మించదు. వెండిలా తెల్లగా వుండి, రెక్క చివర నల్లచుక్క పెట్టుకుని, చీకటిలో తిరుగుతుంది గనుక మన కంట పడదు. లేత ఆకుమీద ఒక్కొక్క గుడ్డే పెట్టిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆకు పైపొర క్రిందికి దూరి, సొరంగం త్రవ్వుకుంటూ, రసం త్రాగుతూ సాగిపోతుంది. సొరంగం నడుమ సన్నని నల్లగీత కనిపిస్తుందే, అది దాని మలం. కడుపు నిండాక ఆకు అంచును పట్టుదారంతో మడిచి, ఆ గదిలో పడుకుని, రెక్కలతో బయటికి వస్తుంది. వెచ్చని రోజులలో రెండు మూడు వారాలకే యీ సంసారమంతా ముగుస్తుంది.

ఆకులో కాపురం చేసే విద్య దీని ఒక్కదానిదే కాదు. ఈగలలోనూ, పెంకు పురుగులలోనూ యీ వృత్తివారున్నారు. ఐరోపాలో ఆల్డర్ అనే చెట్టుమీద కందిరీగల దూరపు చుట్టమొకటి, రంపంవంటి ముల్లుతో ఆకును కోసి గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఆకు లోపలనే బిళ్ళవలె గుండ్రని గూడు కట్టుకుంటుంది.

మన నిమ్మపురుగుకు 1856లో స్టెయిన్టన్ అనే ఆంగ్లేయుడు పేరు పెట్టినప్పుడు నమూనాలు దొరికింది కలకత్తాలోనే. 1993లో అది అమెరికాలోని ఫ్లోరిడాలో దిగి తోటలవారిని హడలగొట్టింది. అక్కడివారు చేసిన పని వినదగినది. తూర్పు దేశాల చిన్న కందిరీగ నొకదానిని 1994లో ఆస్ట్రేలియా నుంచి తెప్పించి వదలినారు. ఆ కందిరీగ పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. ఒక గుడ్డు నుంచే పలు పిల్లలు పుట్టి పురుగును తినివేస్తవి.

మన పెరళ్ళలోనూ యిటువంటి చిన్న కందిరీగలు జీతం బత్తెం లేకుండా పనిచేస్తున్నవి. పైన చల్లిన మందు పొర క్రింద దాగిన పురుగును అంతగా తాకదు. ఆకుమీద తిరిగే కందిరీగను మాత్రం నిలువునా చంపుతుంది! టమాటా, చిక్కుడు ఆకులమీద గీతలు గీసే ఈగ వేరు. అది అమెరికా సరుకు. 1990ల మొదట్లో హైదరాబాదులో ఆముదం మీద కనబడింది. మందులు ఎక్కువైన చోటనే అది మరీ పెచ్చుపెరగడం అన్ని దేశాలలోనూ చూచినదే.

అయితే చూస్తూ కూర్చోవడమేనా? నాలుగేళ్ళు దాటిన చెట్టుకు దీనివల్ల పెద్ద హాని లేదు. ముదిరిన ఆకు జోలికి పురుగు పోదు. లేత మొక్క సంగతి వేరు. దాని ఎదుగుదల కుంటుపడుతుంది. ఆ గాయాలలో గజ్జి తెగులు చేరుతుంది. గూడూరు, పొదలకూరు నిమ్మతోటలవారికి ఆ గజ్జి బాధ బాగా తెలుసు. అందుచేత కాండం మీద నిటారుగా లేచే నీటికొమ్మలను త్రుంచి వేయండి. చిగురు వేసే రోజులలో యూరియా వేసి మరింత చిగురు రప్పించకండి. గీతలు పడ్డ ఆకులన్నీ కోసివేయడం కూడా తగదు. మిగిలిన పచ్చదనంతోనే అవి చెట్టుకు అన్నం పెడుతవి.

కందిరీగ వచ్చినదీ లేనిదీ తెలుసుకోవాలంటే, ఆకును ఎండకు ఎత్తి పట్టి చూడండి. సొరంగం కొసన లేతపసుపు పురుగు కదులుతుంటే యింకా రాలేదన్నమాట. ఎండి నల్లబడిన పురుగూ, దాని ప్రక్క నువ్వుగింజ కంటె చిన్నదైన గూడూ వుంటే వచ్చి పని ముగించినదే. మొన్న మేము పది ఆకులు పట్టి చూచినాము. నాలుగింటిలో పని అయిపోయి వున్నది.