పదకొండు పేర్లు మారిస్తే జట్టు బాగుపడుతుందా?

2025 నవంబరు 26. నంద్యాల బస్టాండు దగ్గర టీ కొట్టు. టీవీలో గువాహటి టెస్టు. 549 పరుగుల లక్ష్యం ముందు మన జట్టు 140కే కుప్పకూలింది. దక్షిణాఫ్రికా 408 పరుగుల తేడాతో గెలిచింది. పరుగుల లెక్కన టెస్టుల్లో భారత్‌కు అంత పెద్ద ఓటమి అంతకు ముందెన్నడూ లేదు. గ్లాసు పట్టుకొని నిలబడిన ఒక పెద్దాయన మా వైపు తిరిగి, "ఈ టీమును ఎవురు ఎంచినారప్పా?" అని అడిగినాడు.

ఆ రోజు దేశమంతా అదే ప్రశ్న. కోచ్ గంభీర్‌ను తీసేయాలని కొందరు, సెలక్టర్లను మార్చాలని కొందరు, కోహ్లీ, రోహిత్ ఉంటే ఇట్లా అయ్యేదా అని ఇంకొందరు. మేము ఆ పెద్దాయన ప్రశ్నను కొంచెం తిప్పి అడుగుతున్నాం. ఎంచేవాళ్ళ కంటికి ఎవరు కనబడినారు? ఎవరు కనబడకుండానే పోయినారు?

సాగునీళ్ళ గురించి, హైకోర్టు గురించి రాయాల్సిన పత్రికకు క్రికెట్‌తో పనేంటని మిత్రులు అంటారు. పని ఉంది. ఎంపిక అనే మాట ఉన్నచోటల్లా మాకు పని ఉంది.

రెండు అవమానాలు

ముందు లెక్కలు చూద్దాం. 2024 అక్టోబరులో న్యూజీలాండ్ మన గడ్డకు వచ్చింది. బెంగళూరులో మనవాళ్ళు 46కు ఆలౌట్. పుణెలో 113 పరుగులతో ఓటమి. ముంబైలో 147 కొట్టలేక 121కే ముగించారు. సొంతగడ్డపై వరుసగా 18 సిరీస్‌లు గెలిచిన జట్టు 0-3తో ఓడిపోయింది. ఆ వెంటనే ఆస్ట్రేలియాలో 1-3. అశ్విన్ 2024 డిసెంబరులో, రోహిత్, కోహ్లీ 2025 మేలో టెస్టులకు దండం పెట్టేశారు. గిల్ కెప్టెన్ అయ్యాడు. కుర్రాళ్ళు ఇంగ్లండ్‌లో 2-2తో నిలబడితే పునర్నిర్మాణం పూర్తయిందని పత్రికలు సంబరపడ్డాయి.

ఇల్లు అలకగానే పండగ కాదు. నవంబరులో కోల్‌కతాలో 124 పరుగుల లక్ష్యానికి 93కే చేతులెత్తేశారు. తర్వాత గువాహటి. న్యూజీలాండ్ సిరీస్ నుంచి లెక్కపెడితే ఇంట్లో ఆడిన 7 టెస్టుల్లో 5 ఓటములు. గెలిచిన రెండూ వెస్టిండీస్ మీద.

మనల్ని దెబ్బతీసింది ఎవరు? 36 ఏళ్ళ సైమన్ హార్మర్. రెండు టెస్టుల్లో 17 వికెట్లు. వాళ్ళ సెలక్టర్లు వయసు చూడలేదు, ఐపీఎల్ ధర చూడలేదు. ఆ పిచ్‌ల మీద పని చేయగల మనిషిని తెచ్చారు.

ఎంపికా, జూదమా?

మన సెలక్టర్లు ఏం చేశారు? బెంగళూరులో 46కు ఆలౌటైన టెస్టులోనే రెండో ఇన్నింగ్స్‌లో 150 కొట్టినవాడు సర్ఫరాజ్ ఖాన్. ఆస్ట్రేలియాకు తీసుకుపోయి ఒక్క టెస్టూ ఆడించలేదు. ఇంగ్లండ్‌కు పిలవనే లేదు. కరుణ్ నాయర్ 2016లో ట్రిపుల్ సెంచరీ కొట్టి, కొద్ది మ్యాచ్‌లకే బయటికి పోయాడు. ఎనిమిదేళ్ళు దేశవాళీలో చెమటోడ్చి 2025లో తిరిగి వస్తే నాలుగు టెస్టులు ఆడించి మళ్ళీ పక్కన పెట్టారు. కోల్‌కతాలో మూడో స్థానంలో వాషింగ్టన్ సుందర్ దిగాడు. గువాహటిలో ఆ స్థానానికి మళ్ళీ కొత్త మనిషి.

మన తెలుగు పిల్లవాడు నితీశ్ కుమార్ రెడ్డి సంగతే చూడండి. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 114 కొట్టినాడు. 2025 నవంబరులో కోల్‌కతా టెస్టుకు ముందు జట్టు నుంచి పంపించారు. ఓడిపోగానే గువాహటికి పిలిపించారు. ఆ పిల్లవాడు తాను బ్యాట్స్‌మనా, బౌలరా, బదిలీ మనిషా అని ఎట్లా తెలుసుకోవాలి? బాగా ఆడలేదని తీసేస్తే అది ఎంపిక. ఏ పనికి తెచ్చారో చెప్పకుండా తెచ్చి, ఎందుకు పంపారో చెప్పకుండా పంపితే అది జూదం.

మా నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. పత్తిలోగానీ, జొన్నలోగానీ కొత్త వంగడం రైతు చేతికి రావాలంటే ఏళ్ళ తరబడి మడుల్లో పరీక్షిస్తారు. ఒక కారు బాగా పండిందని రైతు నెత్తిన పెట్టరు. ఒక కారు ఎండిందని పారేయరు. టెస్టు జట్టుకు ఆ మడి రంజీ ట్రోఫీ. దాన్ని వదిలేసి ఐపీఎల్ వెలుగులో విత్తనం ఏరుకుంటే గింజ తాలు అవుతుంది.

36 తర్వాత లేచింది ఎట్లా?

ఘోరంగా ఓడిన జట్టు లేవలేదా? లేచింది. 2020 డిసెంబరు 19న అడిలైడ్‌లో 36కు ఆలౌట్. కోహ్లీ ఇంటికి వచ్చేశాడు. ఒకరి తర్వాత ఒకరు గాయపడ్డారు. అయినా సిరీస్ 2-1తో గెలిచాం. ఎవరు గెలిపించారు? హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు సిరాజ్. తండ్రి చనిపోయినా పర్యటన వదలకుండా మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడి, ఆ సిరీస్‌లో మన జట్టు తరఫున అందరికంటే ఎక్కువగా 13 వికెట్లు తీశాడు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం పట్టేసినా సిడ్నీలో 161 బంతులు నిలబడి టెస్టు కాపాడాడు.

వీళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు. సిరాజ్ 2016-17 రంజీ సీజన్‌లో హైదరాబాద్‌కు 41 వికెట్లు తీశాడు. తర్వాత ఇండియా-ఎ జట్టుతో తిరిగాడు. అంటే అసలు జట్టు వెనక ఇంకో జట్టు తయారుగా ఉంది. పునర్నిర్మాణం ఓటమి తర్వాత మొదలైతే ఆలస్యమైనట్టే. అది నాలుగైదేళ్ళ ముందు, కెమెరాలు లేని మైదానంలో మొదలు కావాలి.

సీమ బిడ్డ చూపిన దారి

ఆడపిల్లల జట్టు దీనికి సాక్ష్యం. 2025 ప్రపంచకప్‌లో మన జట్టు వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడింది. అందులో రెండు విశాఖలోనే. ఇంగ్లండ్ మ్యాచ్‌కు పక్కన పెట్టిన జెమీమాను మళ్ళీ తెచ్చారు. ఆమె సెమీఫైనల్‌లో 127 నాటౌట్‌తో ఆస్ట్రేలియాను ఓడించింది. నవంబరు 2న కప్పు మనదయింది.

ఆ జట్టులో 14 వికెట్లు తీసిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి ఎవరు? కడప జిల్లా బిడ్డ. ఆళ్ళగడ్డ నుంచి దక్షిణానికి పోయే మన రోడ్డే కడపకు పోతుంది. అంతర్జాతీయ వన్డేల్లోకి వచ్చింది 2025 ఏప్రిల్‌లో. ఏడు నెలల్లో ప్రపంచ విజేత. గెలిచి రాగానే రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటిస్థలం ప్రకటించింది. సంతోషమే. ఆ బిడ్డ దానికి అర్హురాలే. కానీ మా ప్రశ్న ఒకటుంది. గెలిచినాక ఇచ్చే కోట్లలో పదోవంతు, గెలవకముందు ఇట్లాంటి వంద మంది పిల్లల బంతులకు, నెట్‌లకు, బస్సు చార్జీలకు పెడితే ఎంతమంది శ్రీచరణులు వస్తారు?

ఆళ్ళగడ్డ స్పిన్నర్

మాకు తెలిసిన ఒక కథ చెబుతాం. మేము కాలేజీలో ఉన్న రోజుల్లో నంద్యాలలో మ్యాటింగ్ మీద ఆడేవాళ్ళం. ఆళ్ళగడ్డ నుంచి మొదటి బస్సుకు ఒక పిల్లవాడు వచ్చేవాడు. శిల్పాలు చెక్కే ఇంటివాడు. ఎడమచేతి స్పిన్నర్. ఆ వేళ్ళలో బలం ఏముండేదో గానీ, బంతి మ్యాటు మీద పడి బుసకొట్టేది. మాలో ఎవరమూ వాడి ఓవరు మొత్తం సక్రమంగా ఆడింది లేదు.

చందాలు వేసుకొని వాడిని ఎంపిక పోటీలకు పంపినాం. రాత్రంతా ప్రయాణం. పొద్దున పదింటికి పిలుస్తామన్నోళ్ళు సాయంత్రం నాలుగింటికి పిలిచినారు. ఆరు బంతులు వేయించినారు. నాలుగు బంతులు బ్యాటుకు తగలనే లేదు. "కబురు చేస్తాం" అన్నారు. కబురు రాలేదు. రెండో ఏడాది వాడే పోనన్నాడు. "ఆరు బంతులకు రెండు దినాల కూలి పోగొట్టుకోవల్లనా అన్నా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు వాడు ఉలి పట్టుకున్నాడు. మంచి శిల్పి. ఆ పనిలో తక్కువేమీ లేదు. కానీ వాడు దేన్ని కోల్పోయాడో వాడికి తెలుసు. దేశం ఏం కోల్పోయిందో దేశానికి తెలియదు.

విదర్భను చూడండి

కోటా అడుగుతున్నారా అని ఎవరైనా అంటే, మేము అడగడం లేదు. మనవాడు కుర్చీలో ఉంటే చాలు అనే భ్రమ కూడా మాకు లేదు. 2019లో సెలక్షన్ కమిటీ ఛైర్మన్ తెలుగువాడైన ఎమ్మెస్కే ప్రసాద్. అదే కమిటీ ప్రపంచకప్‌కు తెలుగువాడైన అంబటి రాయుడిని పక్కన పెట్టింది. మనిషి మారితే కాదు, పద్ధతి మారితేనే న్యాయం.

పద్ధతి అంటే ఏమిటో విదర్భ చెబుతుంది. వాళ్ళకూ మనలాగే ఒక ఒప్పందం ఉంది. మనకు 1937 శ్రీబాగ్ ఒడంబడిక, వాళ్ళకు 1953 నాగపూర్ ఒప్పందం. వాళ్ళదీ వెనుకబడ్డ పత్తి నేల. వాళ్ళకూ ప్రత్యేక రాష్ట్రం రాలేదు. కానీ రంజీలో సొంత జట్టు ఉంది. బొగ్గుగని కార్మికుడి కొడుకు ఉమేశ్ యాదవ్ 2011లో ఆ జట్టు నుంచే టెస్టుల్లోకి వచ్చాడు. 2017-18, 2018-19, 2024-25లో మూడుసార్లు విదర్భ రంజీ ట్రోఫీ గెలిచింది. మహారాష్ట్రకు మూడు జట్లు, గుజరాత్‌కు మూడు జట్లు. సౌరాష్ట్రకు సొంత జట్టు ఉంది కాబట్టే పుజారా, జడేజా లాంటివాళ్ళు అక్కడి నుంచి నేరుగా దేశం కంటపడ్డారు.

మనకో? 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. 2024-25 సీజన్ దాకా ఒక్క ట్రోఫీ లేదు. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా పిల్లలందరికీ కలిపి పదకొండు స్థానాలు. కడపలో, అనంతపురంలో మైదానాలు ఉన్నాయి. 2024 సెప్టెంబరులో అనంతపురం ఆర్డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లే జరిగాయి. అంటే పిచ్‌లు సీమలో పనికొస్తాయి. మరి సీమ పేరుతో జట్టు ఎందుకు పనికిరాదు?

మేము అడిగేది

ఒకటి, రాయలసీమకు రంజీలో సొంత జట్టు. రెండు, ఎంపిక పోటీలు ఆరు బంతుల తతంగం కాకూడదు. సెలక్టర్లే నంద్యాలకు, ఆళ్ళగడ్డకు వచ్చి నాలుగు రోజుల మ్యాచ్‌లు చూడాలి. ఎవరిని ఎందుకు తీసుకున్నారో, ఎందుకు వద్దన్నారో రాతపూర్వకంగా చెప్పాలి. మూడు, టెస్టు జట్టుకు టెస్టు లాంటి ఆటలో రాణించినవాళ్ళనే ఎంచాలి. ఎంచినవాడికి పని చెప్పి, కుదురుకునేంత గడువు ఇవ్వాలి.

మన తప్పు కూడా ఒప్పుకుందాం. ఇన్నేళ్ళ మన తీర్మానాల్లో ఆటస్థలం గురించి ఒక్క వాక్యం రాసుకోలేదు. సంక్రాంతికి నాయకుల ఫ్లెక్సీల కింద జరిగే టెన్నిస్ బంతి టోర్నమెంట్లకు చప్పట్లు కొట్టి ఊరుకున్నాం. విద్యార్థి మిత్రులు కాలేజీ మైదానాల లెక్క తీయాలి. ఉద్యోగ మిత్రులు మీ ఊళ్ళో బంతి తిప్పే ఒక్క పిల్లవాడి, ఒక్క ఆడపిల్ల బస్సు చార్జీ భరించాలి.

ఆ రోజు టీ కొట్టు దగ్గర పెద్దాయనకు మేము జవాబు చెప్పలేకపోయినాం. ఇప్పుడు చెబుతున్నాం. ఆ టీమును ఎంచిన కమిటీ కూర్చున్నది పెద్ద నగరంలో. కానీ అందులో ఎవరు ఉండకూడదో అంతకు చాలా ముందే తేలిపోయింది. ఆళ్ళగడ్డ పిల్లవాడు రెండో ఏడాది బస్సు ఎక్కనన్న పొద్దునే తేలిపోయింది. ఆ బస్సును మళ్ళీ ఎక్కించే పని మనది.