ముందు మిద్దె మీద సున్నం కొట్టండి, తర్వాత ఇంటీరియర్ గురించి మాట్లాడదాం

మొన్నీమధ్య ఆఫీసులో భోజనాల దగ్గర మా టీములో ఒకాయన ఫోను తీసి తన కొత్త ఫ్లాటు త్రీడీ బొమ్మలు చూపించాడు. టీవీ వెనక గోడకి నిలువు చారల చెక్క ప్యానెల్, పైన ఫాల్స్ సీలింగు, అందులో దాక్కున్న పసుపు లైట్లు, మూలన కుండీలో ఎండిపోయిన గడ్డి. (దాన్ని పాంపస్ గడ్డి అంటారట. మా వైపు అలాంటిది చెరువు కట్ట మీద ఊరికే దొరుకుతుంది.) అందరూ "సూపర్" అన్నారు. నేనూ అన్నాను. పద్నాలుగు లక్షలు పెట్టినవాడితో అన్నం తినేటప్పుడు ఇంకేం అనగలం!

కానీ ఇవే బొమ్మలు అంతకుముందు కనీసం నలుగురి ఫోన్లలో చూశాను. బిల్డరు వేరు, ఏరియా వేరు, లోనిచ్చిన బ్యాంకు వేరు, హాలు మాత్రం ఒక్కటే. ఎవడైనా జూనియర్ ఇంటర్నెట్ నుంచి కోడ్ ఎత్తుకొచ్చి అతికిస్తే రివ్యూలో ఏకిపారేస్తాం. అదే పని ఇంటికి చేస్తే దానికి "ఇన్స్పిరేషన్" అని పేరు పెడతాం.

ఆయన్ని వెక్కిరించే అర్హత నాకు లేదు లెండి. అంతకన్నా పెద్ద ఘనకార్యం నేను చేశాను. అదీ నా ఇంట్లో కాదు, మా అమ్మానాయనల ఇంట్లో.

మాది హిందూపురం. నాయన రిటైర్డ్ టీచరు. 2003లో అప్పు చేసి ఇల్లు కట్టించాడు. హాలు పదిన్నర అడుగుల ఎత్తు, గోడలకి పైన వెంటిలేటర్లు, కింద తాడిపత్రి బండలు. నాకు ఉద్యోగం వచ్చి నాలుగేళ్ళయ్యాక, బోనస్ చేతిలో పడగానే, ఆ ఇల్లు హఠాత్తుగా "పాతగా" కనిపించింది. బెంగుళూరులో కూర్చుని మేస్త్రీకి ఫోటోలు పంపాను, వీడియో కాల్ లో కొలతలు మాట్లాడాను. జిప్సం ఫాల్స్ సీలింగు వేశారు. ఎత్తు తొమ్మిదడుగులకి దిగింది, వెంటిలేటర్లు దాని పైకి వెళ్ళిపోయాయి. "ఏసీ పెడతారు కదా సార్, ఇంక అవెందుకు" అన్నాడు మేస్త్రీ. నిజమే అనుకున్నాను. బండల మీద తళతళలాడే టైల్స్ కూడా పరిపించాను.

పని మొదలయ్యే ముందు నాయన ఒక్క మాట అన్నాడు. "అవన్నీ తర్వాతరా. ముందు మిద్దె మీద సున్నం కొట్టిద్దాం. నెత్తి మీద ఎండ దిగకుంటే చాలు."

"ఈ కాలంలో సున్నమేంది నాయనా" అని నవ్వేశాను.

మే నెలలో ఊరికి పోయాను. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ లేదు, ఫాను లేదు, వేడిగాలి పోవడానికి దారి లేదు. పది నిమిషాలు చూసి అమ్మ లేచింది. చాప చంకన పెట్టుకుని వరండాలోకి పోయింది. ఆ పోవడంలో ఒక అలవాటు ఉంది, అది చూసి అనుమానమొచ్చి అడిగాను. రోజూ ఇంతేనట. కరెంటు ఉన్నా బిల్లుకు భయపడి ఏసీ వేసుకోరట. రాత్రి పడక కూడా వరండాలోనేనట. ఇంకో సంగతి కూడా ఆ రోజే బయటపడింది. జనవరిలో నాయన తడి టైల్ మీద జారిపడి మణికట్టుకు మూడు వారాలు కట్టుతో ఉన్నాడు. ఆ మూడు వారాలూ నాకు ఫోన్లో "బాగుండాము" అనే చెప్పారు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"అంత ఆశపడి చేపిస్తివి. ఎట్ల చెప్పేది?"

నిజం చెప్పాలంటే, నా కెరీర్ లో ఇంత దారుణమైన యూజర్ ఫీడ్ బ్యాక్ ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్లాబు పగలంతా ఎండను తాగి, సాయంత్రం నుంచి రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని కిందికి వదులుతుంది. ఫాల్స్ సీలింగు మధ్యలో కాస్త అడ్డుపడుతుంది, కాదనను. కానీ స్లాబు వేడెక్కడాన్ని అది ఆపలేదు. పైగా వేడిగాలి పైకి పోయి బయటపడే వెంటిలేటర్లను అది మూసేస్తే వచ్చిన ఆ కాస్త లాభమూ పోతుంది. అదే మిద్దె తెల్లగా ఉంటే ఎండలో చాలాభాగం వచ్చిన దారినే తిరిగిపోతుంది. బగ్ ఎక్కడుందో అక్కడ ఫిక్స్ చేయాలి, స్క్రీన్ మీద రంగు మారిస్తే కాదు. ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేని పాఠం. అహ్మదాబాద్ నగరం 2017లో పేదల ఇళ్ళ పైకప్పులకి తెల్లసున్నం వేయించే కార్యక్రమం మొదలుపెట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఏకంగా కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. మా నాయన ఏ పాలసీ చదవకుండానే చెప్పాడు. ఆయనకి త్రీడీ బొమ్మలు చూపించడం రాదు కాబట్టి నేను వినలేదు.

మీకు బెంగుళూరు నుంచి గుంతకల్లు వైపు పోయే రైలు తెలుసు కదా. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరసగా వస్తాయి. 2022 నుంచి మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్నాయి. ఇన్స్పిరేషన్ కోసం పిచ్చిపట్టినట్టు ఫోన్లో వేలు జరుపుతూ ఈ స్టేషన్లు దాటిపోయే సాఫ్టువేరు మహాశయులకి (నాతో సహా) ఒకసారి కిందికి దిగమని మనవి.

హిందూపురంలో దిగితే లేపాక్షి దాదాపు 15 కిలోమీటర్లు. సీలింగు అంటే ఏమిటో అక్కడ వీరభద్రస్వామి గుడిలో తలెత్తి చూడండి. రాతి కప్పు మీద సున్నపు పూత, దాని మీద రంగులు. పదహారో శతాబ్దం నాటివి. చాలాచోట్ల చెదిరినా ఇంకా నిలిచి ఉన్నాయి. మన జిప్సం బోర్డు ఒక్క లీకుకు ఉబ్బిపోతుంది. గుడి కట్టించిన విరుపణ్ణ రాజు అనుమతి లేకుండా ఖజానా డబ్బు వాడాడని నింద పడితే, తన కళ్ళు తనే పీకి గోడకు కొట్టాడని స్థలపురాణం. ఇంటీరియర్ బడ్జెట్ దాటినవాళ్ళలో ఆయన్ని మించినవాళ్ళు లేరు :)

గుళ్ళు చూసి ఇళ్ళు కట్టుకోమని నేననడం లేదు. కానీ ఆ లతామంటపం స్తంభాల మీది లతలు చీరల అంచుల్లోకి దిగాయి. అంటే మన జనం ఒక డిజైన్ చూసి, దాన్ని తమ పనికి, తమ చేతికి తగ్గట్టు మార్చుకున్నారు. ఇన్స్పిరేషన్ అంటే అది. ఎక్కడో చలిదేశంలో గది వెచ్చగా కనపడాలని పెట్టుకున్న పసుపు లైట్లూ చెక్క గోడలూ తెచ్చి మన ఎండలో పెట్టుకోవడం కాదు. ఫోటోలో ఎండ ఉండదు మాష్టారూ. కరెంటు కోత ఉండదు, మోకాళ్ళ నొప్పులున్న తల్లి ఉండదు.

రెండో స్టేషన్ పెనుకొండ. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చింది ఇక్కడికే. గగన్ మహల్ ఇప్పటికీ ఉంది. గోడల మందం, కమానుల లోతు చూస్తే ఎండ ఎక్కడ ఆగాలో లెక్క వేసుకుని కట్టినట్టే ఉంటుంది. రాజుల సంగతి వదిలేయండి, మా అవ్వ ఇల్లు ఆ పక్కనే ఒక పల్లెలో ఉండేది. మట్టి మిద్దె. దూలాలు, దంతెలు, పైన మట్టి, ఆ పైన చౌడు. నడుమ ఒక గవాచి. పొగ అందులోంచి పోయేది, వెలుగు అందులోంచి వచ్చేది. ఎండాకాలం సెలవల్లో అందరం ఆ మిద్దె కిందే పడి నిద్రపోయేవాళ్ళం.

ఇక్కడే నన్ను పట్టుకుంటారని తెలుసు. "పాతవన్నీ గొప్పవా? వెళ్ళి మట్టింట్లో ఉండరాదూ?" అంటారు. ఉండను. ఆ మిద్దె మీద ఏటా చౌడు పోసేది, పండగకి గోడలు అలికేది, సున్నం కొట్టేది మా అవ్వే. నడుము విరిగే పని. వాన గట్టిగా పడితే కారేది, తేళ్ళు కూడా వచ్చేవి. ఆ కష్టం పోవాల్సిందే. కానీ కష్టంతోపాటు ఆ ఇంట్లో ఉన్న తెలివిని కూడా పారేశాం. గవాచి పోయింది, దాని బదులు పెట్టిన వెంటిలేటర్ని నేను మూసేశాను! కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో కార్లు రావడం మొదలయ్యాక పెనుకొండ చుట్టుపక్కల కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. మంచిదే. కానీ పడమటి ఎండ తగిలే గోడకి అద్దాలు బిగించి, లోపల మందపాటి కర్టెన్లు వేసుకుని, పగలే లైట్లు వేసుకున్న ఇల్లు చూస్తే ఏమనాలి?

ఇక ధర్మవరం. ఇంజనీరింగులో నా రూమ్మేటు ఇంట్లో మగ్గం ఉండేది. మొదటిసారి వాళ్ళింటికి పోయినప్పుడు "హాలు ఎక్కడరా" అని అడిగాను. మగ్గం ఉన్న గదే హాలు. వెలుగు పోగుల మీద పడేటట్టు కిటికీ, చేతికందే ఎత్తులో గూళ్ళు, గుంతలోకి వాననీళ్ళు రాకుండా వాళ్ళ నాన్న తన చేత్తో కట్టుకున్న చిన్న ఇటుకల గట్టు. ఆ గట్టు మనకి వారాంతపు సరదా. ఆయనకి అది తెగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. "డూ ఇట్ యువర్సెల్ఫ్" అని మనం కొత్తగా కనిపెట్టినట్టు వీడియోలు చూస్తున్నాం గానీ, వేరే దారి లేనివాళ్ళు ఆ పని ఎప్పట్నుంచో చేస్తున్నారు. పాత పట్టుచీర కోసి దిండుగలీబులు కుట్టుకుని "చేనేతకి సపోర్ట్" అని ఫోటో పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బాబూ, చీర కొంటే సపోర్టు, కోస్తే కాదు.

ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు నానబెట్టి, గీకి, సాగదీసి ఆరబెట్టి, దాని మీద బొమ్మ గీసి, చిన్న ఉలితో చిల్లులు పొడిచి రంగులు వేస్తారు. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి నగలు మెరుస్తాయి. ఆటలు తగ్గిపోయాక అదే పనితనాన్ని లాంప్ షేడ్ల మీదికి మళ్ళించారు. మనవాళ్ళేమో ఆన్లైన్లో ప్లాస్టిక్ దీపానికి నాలుగు వేలు పోసి "మినిమలిస్టు" అంటారు. మా ఇంట్లో ఒకటి పెట్టాను. చిన్న ఎల్ఈడీ బల్బు చాలు. వేడెక్కే పాతరకం బల్బు పెడితే తోలు ముడుచుకుపోతుంది, జాగ్రత్త.

ఇంతకీ నేనేం చేశానంటారా? ఈ ఏడాది ఫిబ్రవరిలో రెండు శనివారాలు ఊర్లో ఉన్నాను. మొదటి వారం మిద్దె ఊడ్చి, కడిగి, బీటలు పూడ్చాం. రాతిసున్నం తెచ్చి డ్రమ్ములో నానబెట్టాం. నేను సున్నం మీద నీళ్ళు పోయబోతే నాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "నీళ్ళలో సున్నం వెయ్యాల, కొంచెం కొంచెంగా. తిరగేస్తే కుతకుతా ఉడికి మొహాన పడుతుంది." మర్నాడు గుడ్డతో వడగట్టి, కాస్త ఫెవికాల్ కలిపి, ఎండ తగ్గాక చీపురుకట్టతో ఒక పూత. వారం తర్వాత అడ్డంగా రెండోది. కళ్ళకి అద్దాలు, చేతులకి తొడుగులు తప్పనిసరి. సామానుకు మూడు వేలు దాటలేదు. వానలకి కొంత పోతుంది, దుమ్ముకి మాసిపోతుంది, కాబట్టి ఏటా ఎండలు ముదరకముందే మళ్ళీ కొట్టాలి. తర్వాత మేస్త్రీని పిలిచి, వెంటిలేటర్లున్న రెండు వైపులా ఫాల్స్ సీలింగు కోయించాను. అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. బాత్రూము ముందు టైల్స్ తీసేసి గరుకు బండ వేయించాను. చూడ్డానికి అతుకులేసినట్టే ఉంది. ఉండనివ్వండి.

"నాకు టైము లేదు" అంటారా? ఈఎమ్ఐ కోసం ఇంకో మూడేళ్ళు నచ్చని ఉద్యోగంలో ఉండటానికి టైముంది కదా! "అది కూలివాళ్ళ పని" అంటారా? అయితే వాళ్ళకే సరైన కూలి ఇచ్చి చేయించండి, చేసేది మాత్రం సరైన పని చేయించండి. "ఫ్లాటుకి మిద్దె ఎక్కడిది" అంటారా? మీ అపార్టుమెంటుకి ఉంది. పై అంతస్తువాళ్ళు ఉడికిపోతున్నారు, అసోసియేషన్ మీటింగులో దీపావళి లైట్లతోపాటు ఆ సంగతి కూడా ఒకసారి ఎత్తండి.

ఒక్కటే అడుగుతున్నాను. ఇంటి బొమ్మలు చూసే ముందు ఆ ఇంట్లో మనుషుల్ని చూడండి. మధ్యాహ్నం రెండింటికి ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, రాత్రి లేచి ఎవరు దేన్ని తట్టుకుంటున్నారో చూడండి. ఊర్లో అమ్మానాన్నలుంటే ఫోన్లో అడగొద్దు, "బాగుండాము" అనే అంటారు. వెళ్ళి, ఫాను ఆపి, ఒక గంట కూర్చోండి.

ఈ మే నెలలో మళ్ళీ పోయాను. మధ్యాహ్నం మామూలుగానే కరెంటు పోయింది. అమ్మ చాప తీయలేదు, చిక్కుడుకాయలు వలుస్తూ హాల్లోనే కూర్చుంది. నాయన మిద్దె ఎక్కి చూసి వచ్చి, "మూలలన్నీ వదిలేసినావు కదరా, వచ్చే ఏడు నేనే కొడతాలే" అన్నాడు. మణికట్టు ఇంకా పూర్తిగా తిరగడం లేదు ఆయనకి. వచ్చే ఫిబ్రవరికి లీవు ఇప్పుడే పెట్టేశాను.