టర్కీ కోడికి వేరే నేల కావాలి

హయత్‌నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద అబ్దుల్లాపూర్‌మెట్ వైపు పోయేకొద్దీ ప్లాట్లకూ తోటలకూ మధ్య పెరటి కోళ్ల పెంపకం ఇంకా మిగిలే ఉంది. షెడ్డు నిండా బ్రాయిలర్లు పెంచేవాళ్ల సంగతి వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది దొడ్లోనో, ఫాంహౌస్ మూలనో పదో ఇరవయ్యో నాటుకోళ్లు వదిలి, ముచ్చటపడి వాటితోపాటు నాలుగు టర్కీ పిల్లలను కొనుక్కొచ్చేవాళ్ల గురించి. టర్కీ పెంచడంలో తప్పేమీ లేదు. గడ్డీ పురుగులూ ఏరుకు తింటుంది, నాటుకోడి ఎన్నడూ తూగనంత బరువు తూగుతుంది. నా అభ్యంతరమల్లా ఒక్కటే. నాటుకోళ్లు తిరిగిన నేల మీద టర్కీని వదలకూడదు, పిల్లలు అమ్మేవాళ్లు ఆ మాట చెప్పకుండా అమ్మకూడదు.

దీనికి కారణం కోడి పేగులోనే ఉంది. పేగు చివర రెండు గుడ్డిసంచులు జంటగా ఉంటాయి. వాటిలో కాపురముండే సన్నటి తెల్లటి నట్ట పేరు హెటరాకిస్ గల్లినారం. పొడవు సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరున్నర. దీనివల్ల కోడికి చెప్పుకోదగ్గ బాధ ఉండదు కాబట్టి పెంచేవాళ్లు దాన్ని పట్టించుకోరు. అసలు చిక్కు ఆ నట్టలో తలదాచుకునే ఏకకణ జీవితో. హిస్టోమోనాస్ మెలియాగ్రిడిస్ అనే ఈ జీవి ఒంటరిగా నేల మీద పడితే కొద్ది గంటలు కూడా బతకడం కష్టం. అదే ఆడనట్ట అండాశయంలోకి చేరి గుడ్డు లోపల కూర్చుందా, దానికిక ఎదురులేదు. ఆ గుడ్డు రెట్టతో బయటపడుతుంది. నేల వెచ్చగా, చెమ్మగా ఉంటే రెండు మూడు వారాల్లో లోపల పిల్లపురుగు తయారవుతుంది. నీడపట్టున ఆ గుడ్డు ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. మట్టితోపాటు వానపాము మింగినా చావదు, పిల్లపురుగు దాని ఒంట్లోనే మకాం పెడుతుంది. తొలకరికి వానపాములు పైకొస్తే ఏ పక్షి వదులుతుంది?

నాటుకోడి తింటే కథ మళ్లీ మొదటికొస్తుంది. టర్కీ పిల్ల తింటే మాత్రం హిస్టోమోనాస్ గుడ్డిసంచుల గోడలు తొలుచుకుని నెత్తురులో పడి కాలేయానికి చేరుతుంది. వారం పది రోజుల్లో పిల్ల మేత మానేస్తుంది, రెక్కలు జారేసి మూల నిలబడుతుంది, రెట్ట గంధకం రంగు పసుపులోకి మారుతుంది. చచ్చిన పిల్లను కోసి చూస్తే అనుమానానికి చోటుండదు: గుడ్డిసంచులు దళసరెక్కి లోపల జున్నులాంటి గడ్డ బిగుసుకుని ఉంటుంది, కాలేయం మీద మధ్యలో గుంటపడిన గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. మందలో జబ్బు ఒకసారి మొదలైతే ఇక నట్ట సాయం కూడా అక్కర్లేదు. తడిసిన ఊక మీద జబ్బు పక్షి వేసిన రెట్టలోని జీవులను పక్కనున్న టర్కీ గుదద్వారం లోపలికి లాగేసుకోగలదు. మందలో సగానికి పైగా పోవడం, కొన్నిసార్లు దాదాపు అన్నీ పోవడం ఈ జబ్బుకు మామూలే.

ఇదేమీ కొత్త సంగతి కాదు. పశువుల జ్వరాన్ని పిడుదులు మోస్తాయని అంతకుముందే తేల్చిన థియోబాల్డ్ స్మిత్, 1895లోనే అమెరికాలో టర్కీల కాలేయంలో ఈ జీవిని గుర్తించాడు. దాన్ని చేరవేసేది హెటరాకిస్ గుడ్డు అని 1920లో ఆయనా, గ్రేబిల్ అనే మరో శాస్త్రవేత్తా కలిసి చూపించారు. నూరేళ్లు దాటిన ఈ జ్ఞానం మన దొడ్లకు చేరకపోవడమే విడ్డూరం.

మనవాళ్లకు తెలిసిన భయం వేరే ఉంది. నెత్తురు పారుడు, అంటే కాక్సీడియోసిస్. కోళ్ల నుంచి టర్కీలకు అదెక్కడ అంటుకుంటుందోనని కంగారుపడతారు. నిజానికి కోడి కాక్సీడియా టర్కీకి సోకదు. టర్కీకి సోకే కాక్సీడియా, అంటే ఐమీరియా జాతులు, వేరే ఉన్నాయి, వాటి బెడద వాటిదే. దాటని పరాన్నజీవిని చూసి భయపడుతూ, దాటేదాన్ని కాళ్ల కింద పరుస్తున్నాం.

నట్టల మందు పోస్తే సరిపోదా అని అడుగుతారు. ఫెన్‌బెండజోల్ లాంటి మందు కోడి పేగులోని నట్టను చంపుతుంది, అందుకు అది మంచిదే. కానీ నేలలో ఉన్న గుడ్డును ముట్టుకోదు, హిస్టోమోనాస్‌ను ఏమీ చేయదు. ఆ జీవి మీద పనిచేసిన మందులు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ఆర్సెనిక్ ఉన్న నిటార్సోన్‌ను అమెరికా మార్కెట్ నుంచి 2015 చివరికల్లా తీసేశారు. ఐరోపా సమాజం డైమెట్రిడజోల్‌ను 1995లో నిషేధించింది. మందు మీద భరోసా పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మా దొడ్లో రెండేళ్లుగా కలిసే తిరుగుతున్నాయి, ఏమీ కాలేదు అనేవాళ్లూ ఉంటారు. అది అబద్ధం కానక్కర్లేదు. ప్రతి నట్టగుడ్డులోనూ హిస్టోమోనాస్ ఉండదు. పైగా ఇక్కడి ఎర్రచెల్క నేల నీటిని పట్టి ఉంచదు, ఏప్రిల్, మే ఎండలకు పైపొర మాడిపోతుంది, దాంతో చాలా గుడ్లు చస్తాయి. అయితే నీళ్ల తొట్టి కింద ఎప్పుడూ ఆరని ఆ మూరెడు బురద, మామిడిచెట్టు కింద ఆకులు కుళ్లే నీడ, ఎండ తగలని గూటి వెనక భాగం? కోళ్లు ఎక్కువసేపు గడిపేదీ, ఎక్కువగా గీకేదీ అక్కడే. రెండేళ్లు ఏమీ కాలేదంటే మూడో వానాకాలానికి హామీ దొరికినట్టు కాదు.

అన్నిటికంటే న్యాయమైన అభ్యంతరం చిన్నరైతుది. కోళ్లు, మేకలు, పంట కలిపి చేస్తేనే వర్షాధార కుటుంబం నిలబడుతుందని చెబుతూనే, ఇప్పుడు టర్కీకి వేరే నేల చూడమంటే ఎక్కడ తెచ్చేది? హయత్‌నగర్‌లోనే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రిడా) వారి పరిశోధనా క్షేత్రం ఉంది, మెట్టసేద్యం కష్టమేమిటో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పక్కర్లేదు. కానీ కలిపి చేయడమంటే అన్నిటినీ ఒకే దొడ్లోకి తోలడం కాదు. మేకలకు వేసినట్టే సందులున్న చెక్కలతో నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున మంచె వేస్తే రెట్ట కిందికి జారిపోతుంది, వానపాము పైకి రాదు. మూడో వారం నుంచి మూడో నెల దాకా, ముప్పు ఎక్కువగా ఉండే కాలమంతా, పిల్లలను దాని మీదే పెంచవచ్చు. మేత వేసే మనిషి కోళ్ల దొడ్లో తొడిగిన చెప్పులతో అటు పోకుండా చూసుకోవాలి, గిన్నెకోళ్లను కూడా దూరంగా ఉంచాలి, అవీ ఈ నట్టను మోసేవే. ఆ మంచె ఖర్చు కూడా భరించలేననుకునేవాడు టర్కీ జోలికి పోకుండా అదే డబ్బుతో ఇంకో పది నాటుకోడి పిల్లలను కొనుక్కోవడమే లాభం. ఆ నేలలోని హెటరాకిస్ వాటినేమీ పెద్దగా చేయదు.