ఫ్యాక్టరీ మూశారు సరే, నీళ్ల సంగతో?

ఫ్యాక్టరీ మూసేస్తే కాలుష్యం ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. మన పక్కనున్న రాణిపేటలో అలా జరగలేదు. అక్కడి సిప్కాట్‌లో తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ అనే కంపెనీ క్రోమియం రసాయనాలు తయారుచేసేది. 1990లలో మూతపడింది. రెండు లక్షల టన్నులకు పైగా వ్యర్థం మాత్రం గుట్టగా అక్కడే మిగిలింది. ఆ గుట్ట మనకంటే వయసులో పెద్దది.

వాన పడినప్పుడల్లా అందులోని హెక్సావలెంట్ క్రోమియం కరిగి భూమిలోకి దిగుతుంది. బాగా ఎక్కువైతే నీళ్లు పచ్చగా కనిపిస్తాయి. కొంచెమే ఉంటే తేటగా ఉంటాయి, నాకు భయం అక్కడే. తాగే నీళ్లలో లీటరుకు 0.05 మిల్లీగ్రాములకు మించి క్రోమియం ఉండకూడదని మన దేశపు ప్రమాణం. అంత కొంచెం కంటికి ఆనదు. మా ఇంట్లో అమ్మ తమిళంలో, నాన్న తెలుగులో చెప్పే మాట ఒకటే, "నీళ్లు కాచి తాగు" అని. క్రోమియం కాచినా పోదు.

గుట్టను లారీల్లో ఎత్తి ఇంకోచోట పూడ్చేస్తే పని అయిపోయినట్టే అనే వాదన నాకు నచ్చదు. గుట్ట తీయాల్సిందే. కానీ ఇప్పటికే నేలలోకి దిగిపోయినది లారీ ఎక్కదు కదా! ఆ నీళ్లను బోర్లతో తోడి, ఫెర్రస్ సల్ఫేట్‌తో శుద్ధి చెయ్యాలి. నాటుమందుల అంగడిలో దీన్నే అన్నభేది అంటారు, తమిళంలోనూ అదే పేరు. సరైన పద్ధతిలో కలిపితే క్రోమియం ట్రైవాలెంట్ రూపానికి మారి మడ్డిగా అడుక్కు దిగుతుంది. ఆ మడ్డినీ జాగ్రత్తగా దాచాలి. ఇదంతా ఒక ఏడాదిలో తెమిలేది కాదు. మట్టికి పట్టినది మెల్లగా వదులుతూనే ఉంటుంది, మధ్యలో ఆపితే మళ్లీ పెరగొచ్చు.

మరి డబ్బెవరిది? పాడుచేసినవాళ్లే ఖర్చు భరించాలని, పాడైన పర్యావరణాన్ని బాగుచెయ్యడం కూడా అందులో భాగమేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ మన వేలూరు ప్రాంతపు తోళ్ల ఫ్యాక్టరీల కేసులోనే. కట్టాల్సిన కంపెనీయే మూతపడితే ఏం చెయ్యాలి? ప్రభుత్వం ముందు తన డబ్బుతో పని జరిపించి, వసూలు సంగతి తర్వాత చూసుకోవాలని నా అభిప్రాయం. లెక్క తేలేదాకా వానలు ఆగవు.

ఇంకొకటి. చుట్టుపక్కల బావుల పరీక్షా ఫలితాలు ఆఫీసు ఫైల్లో ఉంటే చాలదు. ప్రతి బావి గట్టునా బోర్డు పెట్టి తమిళంలో, తెలుగువాళ్లున్న వీధుల్లో తెలుగులోనూ రాయాలి: ఈ నీళ్లు తాగొచ్చా, పైరుకు పెట్టొచ్చా, అసలు ముట్టుకోకూడదా అని.