కదలని పాత్రలను పరీక్షింపవలదా?

ఇటీవల ఒక చక్కెర సహకార సంఘము వారి సర్వసభ్య సమావేశమునకు మేము అతిథులముగా పోయితిమి. జమాఖర్చుల పట్టీ చదువుచుండగా “తొట్లు, గొట్టముల దళసరి పరీక్షకు” అను పద్దు వచ్చెను. వెంటనే ఒక వృద్ధ సభ్యుడు లేచి, “తిరిగెడు గానుగకు మరమ్మతు అన్న తెలియును గాని, ఉన్నచోట ఉండు తొట్టికి పరీక్ష యేమి బాబూ? ఆ రూకలు చెఱకు ధరలో కలుపరాదా?” అని యడిగెను. సభ్యులు చప్పట్లు కొట్టిరి. పద్దు సగమునకు తగ్గెను. అతిథులము గదా యని మేము నోరు మెదపలేదు. అది తప్పని తోచుటచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తిరిగెడు యంత్రము చెడునప్పుడు మొఱపెట్టును. కీచుమనును, అదరును, వేడెక్కును. నిలిచియుండు బాయిలరు, తొట్టి, గొట్టము అట్లు చేయవు. లోలోపల రేకు తరిగిపోవుచున్నను పైరంగు నిగనిగలాడుచునే యుండును. చెఱువుగట్టు కూడ కదలనిదే. అయినను వానలకు ముందు గట్టుమీద నడచి ఎలుక బొరియలు వెదకని రైతు మనలో నెవడు?

1919వ సంవత్సరము జనవరి 15వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున ఒక మొలాసిస్ తొట్టి పగిలెను. ఎత్తు 50 అడుగులు, అడ్డుకొలత 90 అడుగులు. అందలి మొలాసిస్ సుమారు 23 లక్షల గ్యాలనులు. అది కెరటమువలె వీధులపై బడి 21 మందిని పొట్టను బెట్టుకొనెను. 150 మంది గాయపడిరి. 1915లో కట్టినది మొదలు ఆ తొట్టి కారుచునే యుండెను. ఇరుగుపొరుగు పిల్లలు డబ్బాలు తెచ్చి ఆ కారినదానిని పట్టుకొని పోవువారు. యజమానులు చేసినదేమి? కారుట కానరాకుండ గోధుమరంగు పూసిరి! నిండుగ నీరు పోసి పరీక్షించుటకు మారుగా ఆరంగుళముల నీటితో సరిపెట్టిరి. రేకులు ఉండవలసినంత దళసరి లేవని పిదప తేలెను. మన వాకిటనున్న తొట్టిలోనిదియు ఆ మొలాసిస్సే.

మన దేశపు మాట చెప్పవలెనన్న, 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణము దరి ఆర్. ఆర్. వెంకటాపురమున స్టైరీన్ తొట్టినుండి వెలువడిన ఆవిరిచే 12 మంది మరణించిరి. కొన్ని వారములుగా పనిలేక నిలిచిన ఫ్యాక్టరీ అది. తొట్టిలోని ద్రవము తనంతట వేడెక్కుచుండ, పై పొరల వేడిమిని కొలుచు సాధనము అందు లేకపోయెను. పని ఆగినది గనుక భయము లేదనుకొనుట ఎంత పొరపాటో చూడుడు. మన ఫ్యాక్టరీలు ఏటికి ఎన్ని నెలలు ఊరక నిలుచునో సభ్యులకు తెలియనిది కాదు.

బాయిలరు మాట కొంత నయము. 1923 నాటి బాయిలర్ల చట్టమునకు మారుగా 2025లో క్రొత్త చట్టము వచ్చినది. పరీక్షించి యిచ్చు పత్రము లేనిదే బాయిలరు నడుపరాదు. కాని ఆ చట్టము ఆవిరికి సంబంధించినది. మొలాసిస్ తొట్టిని గూర్చి అది పలుకదు. దానిని మనమే చూచుకొనవలెను.

చూచుట యెట్లు? రేకుపై చిన్న సాధనము నానించి ధ్వనిని లోనికి పంపుదురు. అది ఆవలి ముఖమును తాకి మరలి వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దళసరి తెలియును. రేకును కోయ నక్కరలేదు, తొట్టి ఖాళీ చేయనక్కరలేదు. పిమ్మట లెక్క మన పద్దుల లెక్కవంటిదే. నాలుగేండ్ల క్రిందట 10 మిల్లీమీటరులున్న రేకు నేడు 9 అయినచో ఏటికి పావు మిల్లీమీటరు పోవుచున్నదన్నమాట. 7కు తగ్గరాదని నిర్ణయమున్నచో మిగిలిన ఆయువు 8 ఏండ్లు. అందు సగము, అనగా 4 ఏండ్లు, గడువకముందే మరల కొలుచుట చమురు పరిశ్రమలలో ఆచారము. అయితే సగటును నమ్మరాదు. రేకంతయు బాగుండి ఒక్కచోట గుంటపడి చిల్లి కావచ్చును. నేలను తాకు అడుగు రేకు, గోడయు అడుగును కలియు అతుకు, గొట్టపు వంపులు, ఆవిరి గొట్టములకు చుట్టిన కప్పు క్రింద నీరు చేరు తావులు—ఇవి ముఖ్యముగా చూడదగినవి. ఆ కప్పు విప్పుట కూలివారికి విసుగు. అందుచేతనే తుప్పు అచ్చట హాయిగా పెరుగును.

ఇచ్చట ఒక హెచ్చరిక. పాత నూతిలోనికి దీపము దించి గాలి చూచుట మన పెద్దల వాడుక. తొట్టి విషయమున అది చాలదు. పులిసిన మొలాసిస్ విడుచు బొగ్గుపులుసు గాలి అడుగున నిలిచి మనిషిని క్షణములో పడవేయును; మండు ఆవిరులున్నచో దీపమే ప్రమాదము. గాలిని కొలుచు సాధనముతో చూడక, పైన కావలి మనిషి లేక, ఎవరినిగాని లోనికి దింపరాదు. ఒకడు పడెనని రెండవవాడు దుమికి ఇద్దరును పోవుట నూతులయందు మనము వినుచున్నదే.

వృద్ధ సభ్యుని ప్రశ్న న్యాయమైనదే. చెఱకు ధర ఆయన యింటి తిండి. కాని తొట్టియు ఆయనదే, దానిప్రక్క పనిచేయు కుఱ్ఱవాడును ఆయన ఊరివాడే. కార్యదర్శులు పద్దును మాత్రము చదివి, కొలతలను బీరువాలో దాచుటవలననే ఈ అనుమానము కలుగుచున్నది. ఏయే రేకు నిరుడెంత, ఏడెంత అని పాలకవర్గమువారు సభలో చదివి వినిపింపవలెనని మా కోరిక. తగ్గింపబడిన ఆ పద్దు వచ్చు సమావేశమున మరల చర్చకు రానున్నది. మేము పోయెదము; ఈమారు ఊరకుండము.