కులానికి ‘ప్రయోజనాలు’ రాయమంటే ఏం రాయాల?

పరీక్షలు దగ్గర పడ్డాయంటే బజారు గైడ్ల పంట పండినట్టే. సోషియాలజీ గైడు కానీండి, సోషల్ గైడు కానీండి, కులం పాఠం దగ్గరికొచ్చేసరికి చాలావాటిలో ఒకటే వరస. కులవ్యవస్థ – ప్రయోజనాలు, లోపాలు. కులం శ్రమ విభజన చేసిందట. తండ్రి పనితనాన్ని కొడుక్కి అందించిందట. సమాజం చెదిరిపోకుండా నిలబెట్టిందట. ఇంత మేలు చేసిన కులానికి చివర్లో ‘కొన్ని లోపాలు కూడా కలవు’ అని ఒక ముక్క తగిలిస్తారు. సున్నం కొట్టినట్టు తెల్లగా, శుభ్రంగా ఉంటుంది ఆ జవాబు. రక్తం మరక ఎక్కడా కనపడదు.

ఈ జవాబుని బట్టీపట్టి రాయాల్సింది ఎవరు? హాస్టల్లో నలభైమంది మధ్య దీపం కింద కూచున్న మన మాల పిల్లోడు, మాదిగ పిల్ల, రెల్లి పిల్ల. తాత వీపు మీద పడ్డ దెబ్బకి మనవరాలు ప్రయోజనాలు రాయాల. రాస్తేనే మార్కులు. ఇల్లు దోచినవాణ్ణి వదిలేసి, దోపిడీకి గురైనవాణ్ణి కూచోబెట్టి ‘దోపిడీ వల్ల లాభాలు రాయి’ అన్నట్టుంది కథ. దీన్నే చదువంటున్నారు. 

మేం చెప్పొచ్చేది పరీక్షలు రాయొద్దని కాదు. రాయాల. మంచి మార్కులు కొట్టాల. కానీ ఆ గైడు జవాబు మన ఆత్మగౌరవానికే కాదు, మార్కులకి కూడా చేటని చెబుతున్నాం. సోషియాలజీ అడిగేది నిర్వచనం, కారణం, రుజువు, వాదన. గైడు జవాబులో ఈ నాలుగూ లేవు. ఉన్నది జాబితా. జాబితా వ్యాసం కాదు.

ముందు ఆ గైడు భాష సంగతి చూద్దాం. ‘అంటరానితనం పాటించబడినది.’ ఎవరు పాటించారు? ‘దళితులు విద్యకు దూరం చేయబడిరి.’ ఎవరు చేశారు? ‘కొన్ని వర్గములు వెనుకబడినవి.’ నడవలేక వెనకబడ్డారా, మెడబట్టి గెంటితే వెనకబడ్డారా? ఈ ‘బడు’ ఉంది చూశారూ, ఇది పెద్ద మాయదారి క్రియ. చేసినవాణ్ణి దాచి, పడ్డవాణ్ణి మాత్రం చూపిస్తుంది. అందుకని మన పిల్లలకి మొదటి పాఠం ఇదే. జవాబు రాశాక ‘బడు’ ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీయండి. ఎవరు, ఎవర్ని, ఏం చేశారు, ఎప్పుడు అని తిప్పి రాయండి. ‘భూమి, నీళ్ళు, బడి చేతిలో ఉన్న కులాలు అవి లేని కులాల్ని ఊరి బయట ఉంచాయి’ అని రాస్తే అది సామాజిక శాస్త్రం. మొదటిది శిలాశాసనం.

ఇక వ్యాసం కట్టే పద్ధతి. దీనికి గైడు అక్కర్లేదు, గురువు మనకే ఉన్నాడు. 1916 మే 9న న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీలో, ఒక విద్యార్థి సెమినార్‌లో కులం మీద వ్యాసం చదివాడు. అతని వయసు పాతికేళ్ళు. ఆ విద్యార్థి బాబాసాహెబ్ అంబేడ్కర్. ఆ వ్యాసం పేరు ‘భారతదేశంలో కులాలు’. విగ్రహానికి దండేస్తున్నాం, మంచిదే. ఆ పాతికేళ్ళ కుర్రాడు వ్యాసం ఎట్టా కట్టాడో మన పిల్లలకి చెప్పామా?

కట్టిన తీరు చూడండి. మొదట తనకంటే ముందు కులాన్ని నిర్వచించిన నలుగుర్ని తీసుకున్నాడు. సెనార్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్. వాళ్ళని తిట్టలేదు. ఒక్కొక్కడు ఏం పట్టుకున్నాడో, ఏం వదిలేశాడో చూపించాడు. తర్వాత తన మాట చెప్పాడు. కులం అసలు లక్షణం మైలా కాదు, తిండీ కాదు, తన కులంలోనే పెళ్ళి. అంతటితో ఆగలేదు. ఈ పెళ్ళి కట్టుబాటుని నిలబెట్టడానికి ఏమేం చేశారని అడిగాడు. భర్త చచ్చిన ఆడదాన్ని సతి పేరుతో తగలబెట్టడం, బలవంతపు వైధవ్యం, పసిపిల్లల పెళ్ళిళ్ళు, ఇవన్నీ ఆ గోడకి కాపలాలేనని విడమరిచాడు. ఆ తర్వాత, ముందు తలుపులేసుకున్నది పైనున్నవాళ్ళని, కిందివాళ్ళు వాళ్ళని చూసి అనుకరించారని, కులం ఎట్టా వ్యాపించిందో చెప్పాడు. నిర్వచనం, ఇతరుల వాదన, దాని లోటు, తన వాదన, అది పనిచేసే తీరు. ఇదీ వరస. ఆరు మార్కుల జవాబుకీ ఇదే ఎముకల గూడు, అరవై పేజీల పరిశోధనకీ ఇదే.

ఇప్పుడు గైడు చెప్పిన మొదటి ‘ప్రయోజనం’ పట్టుకుందాం. శ్రమ విభజన. దీనికి జవాబు బాబాసాహెబ్ 1936లోనే ఇచ్చేశాడు. లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్ళు సభకి అధ్యక్షుడిగా రమ్మని పిలిచి, ఉపన్యాసం చూసి బెదిరిపోయి సభే మానుకున్నారు. ఆయన తన డబ్బుతో అచ్చేయించాడు. అదే ‘కుల నిర్మూలన’. కులం పనిని విభజించడంతో ఆగదు, పనిచేసేవాళ్ళని విభజిస్తుంది, ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేరుస్తుంది అని ఆయన వాదన. పని ఎంచుకునే హక్కు లేనిచోట దాన్ని శ్రమ విభజన అనొచ్చా? ఈ ప్రశ్న మీ జవాబులో వేయండి. వేసి, సొంత ఊరి ఉదాహరణ ఒకటి ఇవ్వండి. డప్పు ఎవరు కొట్టాల, చచ్చిన గొడ్డుని ఎవరు మోయాల, పుట్టకముందే తీర్మానం అయిపోయింది గదా. చర్మం పదునుపెట్టే పనితనం తండ్రి నుంచి కొడుక్కి వచ్చిందంటారు సరే, అక్షరం ఎందుకు రాలేదు? 1848లో పూనాలో జోతిరావు, సావిత్రీబాయి ఫూలేలు ఆడపిల్లలకి బడి తెరిస్తే ఆ పంతులమ్మ మీద మట్టీ పేడా ఎందుకు విసిరారు? ప్రయోజనం రాయమన్న ప్రశ్నకి ‘ఎవరికి ప్రయోజనం?’ అని విడగొట్టి రాయండి. ప్రశ్న తప్పించుకున్నట్టు కాదది. ప్రశ్నని సరిగ్గా అర్థం చేసుకున్నట్టు.

ఒక జవాబు ఎట్టా నడవాలో చూపిస్తాం. ప్రశ్న: ‘ఆధునిక భారతంలో కులం బలహీనపడిందా? చర్చించండి.’ ‘చర్చించండి’ అన్నారంటే రెండు పక్కలా చూడమని. ‘వివరించండి’ అంటే కారణాలతో విప్పి చెప్పమని. ‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అంటే ఒక సిద్ధాంతాన్ని తూకం వేయమని. ఈ మాట చదవకుండా రాయడం మొదలుపెట్టేవాళ్ళు సగం మార్కులు అక్కడే పారేసుకుంటారు.

మొదట మారింది ఒప్పుకోండి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. రిజర్వేషన్ల వల్ల మనవాళ్ళు కొందరు ఆఫీసుల్లోకి, కాలేజీల్లోకి వచ్చారు. కులవృత్తి చాలాచోట్ల తెగింది. ఇది నిజం, దాచాల్సిన పనిలేదు. తర్వాత మారనిది రుజువుతో పెట్టండి. అంత ఖచ్చితంగా రద్దయితే 1955లో ఒక చట్టం, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం, పాకీపని ఆపడానికి 1993లో ఒకటి, చాలక 2013లో ఇంకొకటి ఎందుకు తేవాల్సి వచ్చింది? 2011–12 భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు నూటికి అయిదు మాత్రమే తేలాయి. అదే సర్వేలో, తమ ఇంట్లో ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తామని నూటికి ఇరవై ఏడు కుటుంబాలు తమ నోటితో ఒప్పుకున్నాయి. ఒప్పుకోనివాళ్ళ లెక్క వేరు. పెళ్ళే కులానికి ఆయువుపట్టని 1916లో ఆ విద్యార్థి చెప్పిన మాటకి ఈ లెక్కే సాక్ష్యం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రేమించి పెళ్ళి చేసుకున్న దళిత యువకుణ్ణి ఆస్పత్రి వాకిట్లో భార్య కళ్ళముందే నరికించారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. పెళ్ళి కట్టుబాటుకి కాపలా ఇంకా ఉంది. పద్ధతి మారిందంతే.

ఆ తర్వాత సిద్ధాంతం. సీబీఎస్ఈ పన్నెండో తరగతి సోషియాలజీకి ఎన్‌సీఈఆర్‌టీ అచ్చేసిన పుస్తకం అంటరానితనాన్ని మూడు ముక్కలుగా విడదీసి చెబుతుంది. వెలి, అవమానంతో కూడిన అణచివేత, దోపిడీ. మూడూ సమానంగా ముఖ్యమేనంటుంది. ఈ మూడింటినీ కారంచేడుకి పెట్టి చూడండి. 1985 జూలై 17న నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. గొడవ మొదలైంది మాదిగలు తాగే చెరువు నీళ్ళ దగ్గర. ఊరికి అవతల పల్లె, వాళ్ళకి వేరే నీళ్ళు, ఇది వెలి. నీళ్ళు ఎందుకు పాడుచేస్తారని అడగడమే తప్పయింది, ఇది అణచివేత. భూమి ఒకరిది, కూలి ఒకరిది, ఇది దోపిడీ. ఎం.ఎన్.శ్రీనివాస్ చెప్పిన ‘ఆధిపత్య కులం’ అన్నమాట ఇక్కడ వాడండి. భూమి, జనం, రాజకీయ బలం ఒకే కులం చేతిలో పోగుపడితే ఊరు ఎవరి మాట వింటుందో ఆయన రాసింది కర్ణాటక పల్లె చూసి. కారంచేడుకి అది అతికినట్టు సరిపోద్ది. ఇంకో మాట కూడా రాయండి. బతికినవాళ్ళు చీరాల చేరి, ఆ శిబిరంలోంచి దళిత మహాసభ పుట్టింది. అణచివేత రాసి తిరుగుబాటు రాయకపోతే వ్యాసం కుంటిదే.

మార్పు ఎంత నెమ్మదో చూపాలంటే చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. పదహారేళ్ళకి, 2007లో ప్రత్యేక కోర్టు ఇరవై ఒక్కమందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ ఎనిమిదిమందీ మరి వాళ్ళంతట వాళ్ళే చచ్చిపోయారా? పరీక్షలో ఈ ఎత్తిపొడుపు రాయకండి. సంవత్సరాలు మూడూ వరసగా రాయండి చాలు. చదివేవాడికి ఎత్తిపొడుపు దానంతటదే తగులుతుంది.

ఇక్కడ కొందరు సార్లు అభ్యంతరం చెబుతారు. ‘ఇదంతా రాజకీయం. పరీక్షలో నిష్పాక్షికంగా రాయాలి’ అంటారు. అయ్యా, నిష్పాక్షికత అంటే ఏంటి? చంపినవాడికి ఆరు పాయింట్లు, చచ్చినవాడికి ఆరు పాయింట్లు పంచిపెట్టడమా? రుజువు లేని మాట రాయకపోవడం నిష్పాక్షికత. ఎదుటి వాదన దాచకుండా చెప్పి జవాబివ్వడం నిష్పాక్షికత. పైన మేం చెప్పింది అదే. పైగా వెలి, అణచివేత, దోపిడీ అన్నది మా కరపత్రం కాదు, పాఠ్యపుస్తకం. సంస్కృతీకరణ సిద్ధాంతం పై కులాల అలవాట్లే గొప్పవని ఒప్పుకుంటుందన్న విమర్శ కూడా ఆ బోర్డు సిలబస్ పుస్తకాల్లోనే ఉంది. పుస్తకంలో ఉన్నదాన్ని గైడు మింగేస్తే రాజకీయం చేస్తున్నది ఎవరు?

మనవాళ్ళకీ ఒక మాట చెప్పాల. నినాదం వ్యాసం కాదు. ‘బ్రాహ్మణీయ కుట్ర’ అని పదిసార్లు రాస్తే పది మార్కులు రావు, రాకూడదు కూడా. కుట్ర ఎట్టా నడిచిందో చూపించాల. ఊరేగింపులో గొంతు కావాల, జవాబు పత్రంలో లెక్క కావాల. కోపం ఉండాల్సిందే, కానీ అది సంవత్సరంగా, చట్టంగా, ఊరి పేరుగా, నిర్వచనంగా మారి కాగితం మీదికి రావాల. బాబాసాహెబ్ కోపం తక్కువదా? ఒక్క వాక్యమైనా రుజువు లేకుండా వదిలాడా?

పనిలోకి దిగుదాం. ప్రతి పల్లెలో, ప్రతి గూడెంలో, ప్రతి హాస్టల్లో డిగ్రీ చదివే అన్నలు, అక్కలు ఆదివారం రెండు గంటలు కూచోండి. ప్రతి పిల్లచేతా ముందు తన ఊరి మీద ఒక పేజీ రాయించండి. తాగేనీళ్ళు ఎక్కడ, శ్మశానం ఎక్కడ, భూమి ఎవరిది, బడిలో వంట ఎవరు చేస్తారు, గుళ్ళోకి ఎవరు పోతారు. సొంత మాటల్లోనే రాయనీండి, యాస దిద్దకండి. రెండో వారం ఆ పేజీ పక్కన శాస్త్రం పేర్లు పెట్టించండి. ఇది స్తరీకరణ, ఇది వెలి, ఇది ఆధిపత్య కులం అని. మూడోవారం గడియారం పెట్టి పావుగంటలో జవాబు రాయించండి. ఒకరిది ఒకరు దిద్దుకోవాల. నిర్వచనం ఉందా, రుజువు ఉందా, ఎదుటి వాదన ఉందా, ముగింపు ప్రశ్నకి జవాబు చెప్పిందా, ఈ నాలుగే చూడాల. ప్రాజెక్టుకి ఇరవై మార్కులున్న చోట ఆ ఊరి పేజీనే ప్రాజెక్టుగా పెంచండి. బజారులో కొన్న చార్టు అతికించకండి.

బడి రిజిస్టరులో మన పిల్ల కులం ఉంటుంది. స్కాలర్‌షిప్ ఫారంలో ఉంటుంది. హాస్టల్ గోడ మీద ఉంటుంది. బోర్డు పరీక్ష జవాబు పత్రం మీద నంబరే ఉంటుంది, కులం ఉండదు. ఎక్కడో కూచుని దిద్దేవాడికి ఆ పిల్ల ఎవరో తెలియదు, ఆమె వాదన మాత్రమే తెలుస్తుంది. కులం తెలియని మనిషి ఎదుట నిలబడి కులం గురించి నిజం చెప్పే అవకాశం ఈ దేశంలో మనకి ఎన్నిసార్లు దొరికింది? దొరికిన ఆ మూడుగంటల్నీ గైడుకి అప్పజెప్పొద్దు.

జై భీమ్.